వేరే పొయ్యి

వేంపల్లె,
22 నవంబరు 1937

చెల్లెలు సుబ్బరత్నకు అన్న ఓబులేసు రాసే కార్డు.

ఇక్కడ మేము బాగున్నాము. మీ వదిన సిద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు, అయినా పని మానదు. వాన సరిగా పడలేదు. జొన్న నడుమెత్తు కూడా రాకముందే ఎన్ను తీసింది. గాలిలో చెమ్మ లేక మగ్గం మీద పడుగు పోగు ఊరికే తెగుతోంది. పొద్దున్నే మగ్గం గుంతలో నీళ్ళు చల్లి కూర్చుంటున్నాను.

కర్నూలులో ఒక షావుకారును చూసే పని పడింది. డిసెంబరు 24న బయలుదేరి 25 పొద్దునకు చేరుతాను. అది మీ పండగ దినమని మీ ఆయన గోపన్న ఒకసారి రాసిన గుర్తు. పండగ పనుల్లో నావల్ల ఇబ్బంది అయితే చెప్పు, ఇంకోసారి చూసుకుంటాను. లేకపోతే మీ ఇంటికి వస్తాను.

నా మేనకోడలు రూతమ్మకు దీవెనలు.

ఓబులేసు


కర్నూలు,
1 డిసెంబరు 1937

అన్నకు సుబ్బరత్న నమస్కారాలు.

నీ కార్డు వచ్చినప్పుడు నేను పిండి జల్లిస్తున్నాను. ఆయన బడి నుంచి వచ్చి చదివినారు. "మీ అన్న మనింటికి వస్తాండాడంటనే! ఆ షావుకారు ఎవరో గాని నూరేళ్ళు బతకాల" అని నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. జల్లెడ కింద పెట్టి మళ్ళీ నేను చదివినాను. అప్పటినుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకుండా ఉన్నాను.

మేము క్రైస్తవంలో కలిసి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో నువ్వు మా గడప తొక్కలేదు. మూడేళ్ళ కిందట అమ్మ పోయినాక పెద్దదినానికి నేనే వచ్చినాను. అందరూ లోపల బంతిలో తింటూ ఉంటే వదిన నాకు బయట అరుగు మీద విస్తరి వేసింది. తిని, చెయ్యి కడుక్కొని, పొద్దున్నే బస్సెక్కినాను. ఆ మాట తవ్వాలని రాయడం లేదు. అట్లాంటి కష్టం నీకు రాకూడదని రాస్తున్నాను. రేపు ఊరికి పోయినాక కులంలో నిన్నెవరూ ఒక మాట అనకుండా చూసే పూచీ నాది. దిగులు పెట్టుకోకుండా రా.

గుంతకల్లులో బండి మారినాక డోనులో మళ్ళీ మారాల. అక్కడ నిద్రపోవద్దు. కర్నూలు స్టేషనుకు ఆయన వస్తారు. వదిన ఎట్లా ఉందని నేను అడగడం లేదు, అడిగినానని నువ్వూ చెప్పొద్దు.

నీ చెల్లెలు
సుబ్బరత్న


వేంపల్లె,
9 డిసెంబరు 1937

సుబ్బరత్నకు,

జాబు అందింది. పూచీ నీదన్నావు, అది చదివి మనసు కుదుటపడింది. నాకోసం ఎక్కువ శ్రమ పడొద్దు. సంగటి, కోడిపులుసు చాలు. అమ్మ చేసిన మాదిరి కోడిపులుసు చేసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

వేంపల్లె నుంచి బస్సు ఎర్రగుంట్ల దాకా సరిగా పోవడం లేదు. పోయిన వారం దారిలో నిలిచిపోతే జనం దిగి తోసినారంట. నేను ఒక పూట ముందే బయలుదేరుతాను.

ఓబులేసు


కర్నూలు,
28 డిసెంబరు 1937

అన్నకు,

నువ్వు పోయి మూడు దినాలయింది. ఊరు చేరినావో లేదో ఒక్క ముక్క రాలేదు. ఎర్రగుంట్లలో బస్సు దొరికిందా?

నీకు కడుపు బాగలేదంటే నేను నమ్మలేదు. స్టేషనులో దిగి ఆయనతో రెండు మైళ్ళు నడిచి వచ్చినవాడివి. వస్తూ దారిలో ఆకలవుతోందని ఆయనతో నువ్వే అన్నావంట.

అన్నా, నీకోసం నేను ఏమి చేసినానో నీకు తెలియదు. మన కులంలో మడిగా వండేవాళ్ళ కోసం ఈ ఊళ్ళో నాలుగు వీధులు తిరిగినాను. చివరికి వెంకటేశ్వరమ్మ అనే ముసలామె దొరికింది. ఆమెది మన సాలెకులమే. "ఏమమ్మా, నీ చేతి కూడు తింటే మీ అన్న కరిగిపోతాడా?" అని అడిగి నా మొగం మీదే నవ్వింది. ఆ మాటా పడినాను. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి వేరే పొయ్యి వేయించినాను. కుమ్మరి ఇంటికి పోయి కొత్త కుండలు తెచ్చినాను. తుంగభద్ర నుంచి నీళ్ళు ఆమె చేతనే తెప్పించినాను. ఆ పొయ్యి దగ్గరికి నేను పోలేదు, రూతమ్మను పోనివ్వలేదు. అమ్మ చేసినట్టు చేసేవాళ్ళు లేరని నువ్వే రాసినావు. నా చేతిది వద్దని అంత నెమ్మదిగా చెప్పినావనుకున్నాను. కోడిపులుసులో ధనియాలు ఎన్ని వెయ్యాలో గడపలో నిలబడి ఆమెకు చెప్పినాను.

అంతా చేసి పెరటి కొట్టంలో చాప వేసి నీకు విస్తరి వేయిస్తే, నువ్వు దాన్ని ఒకసారి చూసి, మజ్జిగ మాత్రం తాగి లేచినావు. మధ్యాహ్నం బండికే పోతానన్నావు. మన కులం ముసలామె వండింది కూడా తినలేదు. అంటే నా పెరటి నేల మీద వండినా అంటుకుంటుందా?

పండగ దినం మేము నవ్వుకుంటూ మొదలుపెట్టిన కూడు ఏడుస్తూ ముగించినాము. రూతమ్మ మామ ఎందుకు పోయినాడని ఇంకా అడుగుతోంది.

సుబ్బరత్న


వేంపల్లె,
11 జనవరి 1938

సుబ్బరత్నకు,

ఊరు చేరినాను. బస్సు దొరికింది. కడుపు బాగలేదన్నది నిజం కాదు.

మీరందరూ లోపల నవ్వుతూ తింటున్నారు. నాకు బయట విస్తరి వేసినావు. అమ్మ పెద్దదినం నాడు నీకు జరిగింది నాకు జరిపించినావు. అది న్యాయమే. నేను తప్పు పట్టడం లేదు. ఆ కూడు ముట్టలేకపోయినాను, అంతే.

సంగటి కుండ దించేటప్పుడు ఆ ముసలామె చెయ్యి కాలింది. మాన్పించు.

ఓబులేసు


కర్నూలు,
17 జనవరి 1938

అన్నా,

పండగ దినం ఇంటికి పిలిచి పగ తీర్చుకునే మనిషిననుకున్నావా నన్ను? రెండు వారాలు ఆలోచించి నువ్వు రాసిన మాట ఇదా? అదీ కార్డు మీద, మీ వీధి వీధంతా చదివేటట్టు?

నాకు ఇంక కార్డులు రాయొద్దు.

ముసలామె చెయ్యి మానింది.

సుబ్బరత్న


వేంపల్లె,
6 జులై 1938

సుబ్బరత్నకు అన్న దీవెనలు.

కార్డులు రాయొద్దన్నావు. అందుకని కవరు కొన్నాను. కొని నాలుగు నెలలయింది. మగ్గం పక్కన గూట్లోనే పెట్టినాను. నాలుగు బారలు నేసి లేస్తాను, కవరు తీస్తాను, మళ్ళీ పెడతాను. పోగులు చూసుకోకుండా నేసి రెండు చీరల అంచులు పాడుచేసినాను. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అట్లా కాలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాదని నీకు తెలుసు. నూలు కట్టల మీది కాయితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ప్రతి దినం జరిగింది ఒక పుస్తకంలో రాసే అలవాటు. కిందటి డిసెంబరు 25 తేదీ కింద అందులో "కర్నూలు పోయి వచ్చినాను" అని ఉంది. అంతే రాసినాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

కర్నూలులో ఏ షావుకారూ లేడు. నీ చేతి కూడు తినాలనే వచ్చినాను. అది కార్డు మీద రాయలేకపోయినాను. మా వీధికి వచ్చే జాబులన్నీ టపా మనిషి కులపెద్ద బొజ్జన్న అరుగు మీద పెట్టి పోతాడు, పోయేవీ అక్కడి నుంచే తీసుకుపోతాడు. చదవడం వచ్చినవాడు గట్టిగా చదువుతాడు, రానివాళ్ళు వింటారు. మన జాబు మన చేతికి వచ్చేసరికి అందులో ఏముందో మనకు వాళ్ళే చెబుతారు. పూచీ నాది అని నువ్వు రాస్తే, నా మనసు తెలుసుకున్నావనుకున్నాను. కోడిపులుసు గురించి రాసింది నువ్వు చేస్తావనే. అమ్మ దగ్గర నేర్చుకున్నది నువ్వొక్కతివే కదా.

ఇంకొకటి ఉంది. అది రాయడానికే ఇన్ని నెలలు పట్టింది. అమ్మ పెద్దదినం నాడు నీకు అరుగు మీద విస్తరి వెయ్యమన్నది సిద్దమ్మ కాదు. నేను.

ఓబులేసు


కర్నూలు,
14 ఆగస్టు 1938

అన్నకు,

నీ కవరు వచ్చి నెల దాటింది. బదులు రాయడానికి కూర్చుంటాను, లేస్తాను. ఆయన రెండుసార్లు కాయితం, కలం తెచ్చి నా ముందు పెట్టినారు. ఒకసారి వాటి మీదే చెనిక్కాయలు ఒలిచినాను.

ఒకటే అడుగుతాను. ఎందుకు?

ఇన్నేళ్ళు వదిన పేరు పెట్టి ఒక్క జాబు రాయలేదు నేను. ఆమె మోకాళ్ళ నొప్పని నువ్వు రాస్తే, నొప్పి పెట్టనీ అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు ఎవరితో చెప్పుకోవాల? ఆమె నోరు తెరిచి 'నేను కాదు' అని ఒక్కసారి ఎందుకు అనలేదు?

సుబ్బరత్న


వేంపల్లె,
25 ఆగస్టు 1938

సుబ్బరత్నకు,

ఎందుకని అడిగినావు. ఆ దినం ఇంట్లో నలభైమంది ఉన్నారు. బొజ్జన్న నన్ను దూలం కిందికి పిలిచి, "మీ చెల్లెలు లోపల కూర్చుంటే మేము లేసి పోతాం. ఆలోచించుకో అప్పా" అన్నాడు. బంతి లేచిపోతే అమ్మ పెద్దదినం చెడుతుందని భయపడినాను. అదే సమయానికి సిద్దమ్మ చేతిలో విస్తరితో వచ్చి, "ఆడబిడ్డను యాడ కూసోబెట్టాల?" అని అడిగింది. నేను నోటితో ఏమీ చెప్పలేదు. అరుగు వైపు చెయ్యి చూపించినాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తరువాత పోయి విస్తరి వేసింది.

నువ్వు అడిగినదే మొన్న ఆమెను నేనూ అడిగినాను. "ఎందుకు చెప్పలేదు, నా చెల్లెలు ఇన్నేళ్ళు నీ మీదే కోపం పెట్టుకుంది కదా" అన్నాను. "సెప్పాల్సింది నువ్వు. నీ మాట నేనెట్ల సెప్తా?" అని బియ్యం చెరుగుతూ ఉండిపోయింది.

నాకు ఇంతకంటే రాయడం రాదు.

ఓబులేసు


కర్నూలు,
5 డిసెంబరు 1938

అన్నకు సుబ్బరత్న నమస్కారాలు.

ఈసారి పండగ ఆదివారం వచ్చింది. ఏ షావుకారు పనీ పెట్టుకోకుండా రా. వదినను కూడా తీసుకొని రా. రాలేనంటే బలవంతం చెయ్యొద్దు. ఆమెకు నా మీద కోపం ఉంటే ఉండనీ, అది నేను సంపాదించుకున్నదే.

ఇంట్లో ఒకే పొయ్యి ఉంటుంది. వండేది నేను. కూర్చునేది అందరమూ ఒకేచోట. ఇట్లా ఉంటుందని ముందే విడమరిచి కవరులో రాస్తున్నాను. నువ్వు ఊరికి తిరిగి పోయినాక బొజ్జన్న ఏమంటాడో, వీధిలో మీ బతుకు ఎట్లా ఉంటుందో బాగా ఆలోచించుకో. రాలేకపోతే రాలేనని రాయి. ఈసారి నేను తప్పుగా అనుకోను. ఆలోచించుకున్నాకనే బండెక్కు.

వెంకటేశ్వరమ్మకు మన కథంతా చెప్పినాను. "ఓయమ్మా, ఆ పొద్దు మీయన్న తినలేదని ఆ కుండెడు పులుసు నేనే తింటి గదనే! ఉప్పు తక్కువైందని పోయినాడేమో అని ఏడాది పొడుగునా కుమిలితి" అని తల కొట్టుకుంది. ఈసారి వండటానికి కాదు, తినడానికి వస్తానంటోంది. ఆమెను కులంలోంచి వెలివేస్తే అని నేనంటే, "ఈ వయసులో నన్ను మోసేదానికి నలుగురు దొరికితే చాలు, బంతికి పిలిచేవాళ్ళు అక్కర్లేదు" అంది.

నీ బదులు వచ్చేదాకా నేను కోడిని కొనను.

సుబ్బరత్న


వేంపల్లె,
3 జనవరి 1939

సుబ్బరత్నకు, గోపన్నకు అన్న దీవెనలు.

క్షేమంగా చేరినాను. నలుగురిలో కూర్చున్నప్పుడు నాకు మాట రాదు. అందుకని అక్కడ అనవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఆ దినం నేను లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాక నా విస్తరిని పక్కకు జరుపుకున్నాను. గోపన్న చూసినాడు. చూసి, చూడనట్టు నా పక్కనే కూర్చొని తన విస్తరిని నా విస్తరికి ఆనించినాడు. ఏదో ప్రార్థన చెప్పినాడు. అది అయ్యేదాకా నేను కళ్ళు మూసుకోలేదు, సంగటి వైపే చూస్తూ ఉన్నాను. మొదటి ముద్ద పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాను. అమ్మ చేసినట్టే ఉంది. అప్పుడు చెప్పలేకపోయినాను. కారం ఎక్కువైందని కళ్ళు తుడుచుకున్నది అందుకే. కారం సరిపోయింది.

తరువాత మీ మాటలు వింటూ ఎంత తిన్నానో నాకు తెలియదు. వెంకటేశ్వరమ్మ బగారన్నం పెట్టించుకుంటూ, "ఏమప్పా ఓబులేసూ, పోయినేడు నా పులుసు మొగం సూడకుండా పోతివి. ఇప్పుడు నీ చెల్లెలి పులుసు గిన్నె నాకుతాండావు. నా చెయ్యి అంత చేదా?" అన్నది. "నీ పులుసు చూసే పారిపోయినాడు అవ్వా" అని గోపన్న అన్నాడు. నువ్వు ఓళిగలు తెచ్చినప్పుడు అవి బక్ష్యాలని గోపన్న, కాదు ఓళిగలేనని నేను, అరగంట పోట్లాడినాము. కర్నూలు వాళ్ళకు వాటి పేరు కూడా సరిగా రాదు. ఎవరు గెలిస్తే వాళ్ళకు ఆఖరి ఓళిగ అని తీర్పు చెప్పి, రూతమ్మ దాన్ని తనే తినేసింది. నేను అంత గట్టిగా నవ్వడం చూసి నువ్వు వంటింట్లోంచి తొంగిచూసినావు. అది నేను గమనించినాను.

ఇంక ఇక్కడి సంగతి. నువ్వు అడుగుతావు కాబట్టి దాచను.

బస్సు దిగి వస్తూ ఉంటే బొజ్జన్న అరుగు మీద పది మంది ఉన్నారు. నన్ను పిలిచినాడు.

"ఏమప్పా, కర్నూల్లో కూడు యాడ తిన్న్యావు?"

"మా చెల్లెలింట్లో."

"వేరే పొయ్యి పెట్టించుంటాది లే. పోయినేడు మాదిరి."

ఆయన నన్ను కులంలోంచి తోసేయాలని అడగలేదు. తప్పించాలనే అడిగినాడు. అవునంటే అయిపోతుంది. అక్కడున్న వాళ్ళందరూ అవునంటానని చూస్తున్నారు. ఇంటికి పోవాలని, ఇంకెటైనా పోవాలని, ఒక కాలు అప్పుడే సగం తిప్పినాను కూడా.

"లేదు. అందరితో కూసొని మా చెల్లెలు చేసింది తిన్న్యా" అన్నాను.

బొజ్జన్న, "ఎందుకు చెప్తివప్పా" అన్నాడు. కోపంగా అనలేదు. మరుసటి దినం కూర్చొని తీర్మానం చేసినారు. ఉగాది దాకా మా ఇంటికి ఎవరూ రారు, మమ్మల్ని ఎవరూ పిలవరు. మా ఇంట్లో నిప్పుగానీ నీళ్ళుగానీ ఎవరూ ముట్టరు. ఉగాది నాడు తప్పు ఒప్పుకుంటే కలుపుకుంటారంట. ఒప్పుకునేది లేదని సిద్దమ్మకు మాత్రం చెప్పినాను. మగ్గం నాదే, నేత ఆగదు. నువ్వు దిగులు పెట్టుకోవద్దు. నువ్వు ఆలోచించుకొని రమ్మన్నావు, ఆలోచించుకొనే వచ్చినాను.

నాతో రానని ఇంట్లోనే ఉండిపోయిన సిద్దమ్మ సంగతి. నేను ఇల్లు చేరేసరికే బొజ్జన్న అరుగు మీది మాట ఆమెకు చేరింది. నేను కాళ్ళు కడుక్కుంటూ ఉంటే నిలబడి, "ఏమేం పెట్టింది?" అని అడిగింది. అన్నీ చెప్పినాను. ఆమెకని నువ్వు కట్టిచ్చిన మూట ఇచ్చినాను. తీసుకొని వంటింట్లోకి పోయింది. నేను కాళ్ళు తుడుచుకొని పోయి చూస్తే ఓళిగ తుంచుకొని నిలబడే తింటోంది.

"బెల్లం శానా ఎక్కువేసింది" అంది. ఇంకొకటి తీసింది.

అది కూడా తిన్నాక, "ఎప్పుడొస్తాదంట?" అని అడిగింది.

"ఎవరు?" అన్నాను.

"ఎవరేమి, నీ చెల్లెలు. ఇంగ మనింటికి వచ్చేవాళ్ళు ఎవురూ లేరు గదా. లోపల బంతికి చోటు శానా ఉండాది. మొగుణ్ణి, పాపను కూడా పిల్చుకొని రమ్మని రాయి."

రాసినాను. ఏ దినం వచ్చేదీ కార్డు మీదే రాయి. వీధిలో చదువుకోనీ.

నీ అన్న
ఓబులేసు